1957 ట్రయంఫ్ టైగర్ 110, ఒకప్పుడు ఉప్పు మీద పరుగెత్తిన బండి: ఎంతవరకు బాగుచేయాలి?

సాల్ట్‌లేక్_సీను:
అందరికీ నమస్కారం. మాది తెనాలి, పదకొండేళ్లుగా యూటాలో సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఉంటున్నాను. పోయిన నెల ఇక్కడికి గంటన్నర దూరంలో ఒక పెద్దాయన పోయాక వాళ్ల అమ్మాయి ఇంట్లో సామాన్లు అమ్ముతుంటే వెళ్లాను. షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఈ బండి ఉంది. ట్రయంఫ్ టైగర్ 110, 650 సీసీ, 1957 మోడల్. హెడ్‌లైట్ లేదు, ముందు మడ్‌గార్డ్ లేదు, స్పీడోమీటర్ లేదు, టాకోమీటర్ (ఇంజిన్ చుట్లు చూపే మీటరు) ఒక్కటే ఉంది. కాళ్లు పెట్టుకునే రాడ్లు వెనక ఇరుసు దాకా జరిపి ఎవరో చేత్తో వెల్డింగ్ చేశారు. సీటు బదులు రెండంగుళాల స్పాంజి ముక్క, దాని మీద రెక్సిన్. ట్యాంకు మీద నల్ల రంగు బ్రష్షుతో పూసేశారు, గోరుతో గీకితే కింద మూడంకెల నంబరు కనిపిస్తోంది. వాళ్ల నాన్న 1960ల్లో ఈ బండిని వేగం రికార్డుల పోటీలు జరిగే బాన్‌విల్ ఉప్పు మైదానానికి తీసుకెళ్లేవాడని ఆ అమ్మాయి చెప్పింది. అమ్మాయి అన్నాను గానీ ఆమెకే అరవై దాటాయి.

ఇప్పుడు నా సందేహం. ఇక్కడ ఒక వర్క్‌షాపులో చూపిస్తే మొత్తం విప్పి, శాండ్ బ్లాస్టింగ్ (ఇసక చిమ్మి శుభ్రం చేయడం) చేసి, క్రోమ్ పట్టించి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేసిస్తామన్నారు. సిలిండర్ హెడ్‌ని చల్లబరిచే రెక్కల మధ్య తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. చాలా బోల్టుల తలలకు ఎవరో సన్నటి బెజ్జాలు వేసి పాడుచేశారు, అవన్నీ మార్చాలన్నారు. చేయించేయనా?

బందరు_బుల్లెట్:
సీను గారూ, ఒక్క బోల్టు కూడా పారేయకండి. ఆ బెజ్జాలు ఎవరూ పాడుచేసినవి కావు. రేసు బండికి ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఇరుసు నట్లు అదురుకి ఊడిపోకుండా ఆ బెజ్జంలోంచి స్టీలు తీగ దూర్చి, మెలితిప్పి, పక్క బోల్టుకి కడతారు. బోల్టు వదులయ్యే దిక్కుకి తిరగబోతే తీగ బిగుసుకుని ఆపుతుంది. ఆ బోల్టు తలకి ఆరు ముఖాల మూల నుంచి మూలకి నేరుగా బెజ్జం వేయడం ఎంత ఓపిక పనో లేత్ మీద కూర్చున్నవాడికి తెలుస్తుంది. బిట్టు జారి విరిగితే మళ్లీ మొదటికి. మీ పెద్దాయన ఎన్ని బోల్టులకి అలా వేశాడో లెక్కపెట్టి చెప్పండి.

ఇంజిన్ నంబరు క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) ఎడమ సగం మీద, సిలిండర్ కిందుగా ఉంటుంది. ఇంజిన్ కింద పడుకుని చూస్తే రెండు కేసులు కలిసేచోట చెరో సగం మీద ఒకే అంకె కొట్టి ఉండాలి. ఆ రెండూ కలిస్తే ఫ్యాక్టరీలో జతగా చేసిన కేసులే. ముందు అది చూడండి.

షోరూం_శేఖర్:
నేను వేరే మాట చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. డల్లాస్‌లో ఉంటాను, నా దగ్గర మూడు పాత ట్రయంఫ్‌లు ఉన్నాయి. 1957 టైగర్ 110 అంటే అల్యూమినియం హెడ్ ఉన్న అందమైన బండి. దాన్ని ఎవరో కోసి, వెల్డింగ్ చేసి, రోడ్డు మీద నడపడానికి పనికిరాకుండా చేశారు. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. సరిగ్గా చేస్తే ఇంకో యాభై ఏళ్లు రోడ్డు మీద తిరుగుతుంది. అలాగే ఉంచితే గ్యారేజీలో బొమ్మలా నిలబడుతుంది. బండి పుట్టింది తిరగడానికి కదా.

లోహం_మాధవి:
విశాఖలో లోహాల పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను, బండ్ల గురించి పెద్దగా తెలియదు గానీ ఆ తెల్లపొడి గురించి చెప్పగలను. ఏ రకంగా బాగుచేసినా దీని సంగతి ముందు చూడాలి.

అల్యూమినియం మీద పలచటి ఆక్సైడ్ పొర ఉంటుంది, అదే దాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని ఒక్కోచోట ఛేదించి లోపలికి గుంటలు తవ్వుతుంది. పైన తుడిస్తే మెరుస్తుంది, కానీ గుంట అడుగున ఉప్పు అలాగే కూర్చుని గాలిలో తేమని లాక్కుంటూ తింటూనే ఉంటుంది. మీరు బ్లాస్టింగ్ చేసి పైన వార్నిష్ కొడితే ఆ ఉప్పుని లోపల పెట్టి తలుపేసినట్టే. రెండేళ్లలో వార్నిష్ కింద తెల్లగా పొక్కులు లేస్తాయి.

చేయాల్సింది ఇది. విడదీసిన భాగాలని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. రోజూ నీళ్లు మార్చండి. మార్చే ముందు ఆ నీళ్లు ఒక గాజు గ్లాసులో కొంచెం తీసి సిల్వర్ నైట్రేట్ ద్రావణం రెండు చుక్కలు వేయండి. క్లోరైడ్ ఉంటే పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. తెల్లబడడం ఆగేదాకా నానబెట్టండి. కొళాయి నీళ్లు వాడితే వాటిలోనే క్లోరైడ్ ఉంటుంది, పరీక్ష తప్పు చెప్తుంది. సిల్వర్ నైట్రేట్ వేళ్లకి అంటితే నల్ల మచ్చలు పడతాయి, గ్లౌజులు వేసుకోండి.

ఇంకో మాట, క్రోమ్ గురించి. బలం మోసే బోల్టులకి, ఇరుసులకి అందం కోసం క్రోమ్ పట్టించకండి. ఆ తొట్టిలో హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి పెళుసు చేస్తుంది, పూత అయిన వెంటనే ఓవెన్‌లో గంటలకొద్దీ వేడిచేసి దాన్ని బయటికి పంపకపోతే బోల్టు ఒక రోజు చెప్పకుండా తెగిపోతుంది.

సాల్ట్‌లేక్_సీను:
మాధవి గారూ, చాలా థాంక్స్. బందరు అన్నా, కింద పడుకుని టార్చి వేసి చూశాను, రెండు కేసుల మీదా అంకె ఒకటే. బెజ్జాలున్న బోల్టులు లెక్కపెట్టాను, నలభై ఒకటి. శేఖర్ గారి మాట కూడా కొట్టిపారేయలేను, నేను మొదట అనుకున్నది కూడా అదే. ఇంకా నిర్ణయించుకోలేదు. వర్క్‌షాపుకి మాత్రం ఇప్పుడే వద్దని చెప్పాను.

పాలమూరు_రాజు:
అన్నా, వెనక స్ప్రాకెట్‌కి (చైను పళ్ల చక్రానికి) ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టు. గేర్‌బాక్స్ స్ప్రాకెట్ కూడా. ఆ రెండూ చెప్తే పెద్దాయన మనసులో ఏముందో చెప్తాను.

సాల్ట్‌లేక్_సీను:
గేర్‌బాక్స్‌ది 18. వెనకది డ్రమ్ముతో కలిసి వచ్చేది కాదు, దాన్ని తీసేసి విడిగా చేయించి బోల్టులతో బిగించారు, 38 పళ్లు. ఇంజిన్ స్ప్రాకెట్ 24, క్లచ్ 43. వెనక టైరు 18 అంగుళాలది.

పాలమూరు_రాజు:
చూడు. ఫ్యాక్టరీలో వెనక 46 పళ్లు వచ్చేవి. అప్పుడు టాప్ గేర్ నిష్పత్తి 4.57 చిల్లర, అంటే ఇంజిన్ నాలుగున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. 38 పళ్లకి అది 3.78 అవుతుంది. నీ టైరు ఒక చుట్టుకి సుమారు రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు పోతుందనుకో. ఇంజిన్ 7,000 చుట్ల మీద తిరిగితే పాత లెక్కన గంటకి 190 కిలోమీటర్లు, కొత్త లెక్కన 230. మైళ్లలో 143 అన్నమాట.

అయితే అక్కడే ఒక చిక్కుంది. బాన్‌విల్ సముద్రమట్టానికి 4,200 అడుగుల పైన ఉంటుంది. గాలి పలచన కాబట్టి ఇంజిన్ శక్తిలో దాదాపు ఎనిమిదో వంతు అక్కడే పోతుంది. పైగా ఉప్పు మీద చక్రం కొంచెం జారుతూనే ఉంటుంది, తారు రోడ్డులా పట్టదు. ఇంత పొడుగు గేరింగ్‌ని లాగాలంటే మామూలు పెట్రోలు మీద, మామూలు పిస్టన్లతో కాదు. ఈయన మెథనాల్ (ఒక రకం ఆల్కహాల్ ఇంధనం) తాగించి ఉంటాడు. హెడ్ విప్పినప్పుడు పిస్టన్ తల ఎంత ఎత్తుందో, కార్బురేటర్ జెట్ (ఇంధనం వచ్చే సన్నటి బెజ్జం) ఎంత పెద్దదో చూడు. పెట్రోలుకి ఒక పాలు ఇంధనం పధ్నాలుగున్నర పాళ్ల గాలి అయితే మెథనాల్‌కి ఆరున్నర పాళ్ల గాలే సరిపోతుంది, అంటే రెండింతలకి పైగా ఇంధనం పోయాలి. జెట్ చూస్తే తెలిసిపోతుంది.

ఆ 38 పళ్ల స్ప్రాకెట్ తీసి 46 వేశావనుకో, ఈ సంగతి చెప్పేవాడు ఇంకెవడూ ఉండడు.

కొత్త_చక్రం:
ఇది చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఒక పళ్ల చక్రం నుంచి ఇంత తెలుస్తుందా!

కివీ_కృష్ణ:
న్యూజిలాండ్‌లో ఇన్వర్‌కార్గిల్ నుంచి రాస్తున్నాను. ఉప్పు, పాత బండి అనగానే మా ఊరి బర్ట్ మన్రో గురించి రాయకుండా ఉండలేను. ఆయన బండి 1920 ఇండియన్ స్కౌట్, 600 సీసీ, కొన్న రోజు దాని వేగం గంటకి 55 మైళ్లు. నలభై ఏళ్లకి పైగా దాన్నే మార్చుకుంటూ పోయాడు. పిస్టన్లు డబ్బాల్లో సొంతంగా పోత పోసుకున్నాడు. కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్‌ని క్రాంకుకి కలిపేవి) ట్రాక్టర్ ఇరుసు ఉక్కులోంచి చెక్కాడు. 1967లో, 68 ఏళ్ల వయసులో, అదే బాన్‌విల్‌లో 1,000 సీసీ లోపు తరగతిలో రికార్డు కొట్టాడు. లెక్కలో జరిగిన పొరపాటుని 2014లో సరిచేసి 184.087 మైళ్లుగా నమోదు చేశారు, అంటే 296 కిలోమీటర్లు.

ఆ బండి మా ఊళ్లో డీ స్ట్రీట్‌లో ఈ. హేస్ అనే హార్డ్‌వేర్ దుకాణంలో ఉంది. మేకులు కొనడానికి వెళ్లినా ఒకసారి చూసి వస్తాను. మన్రో పగిలిన పిస్టన్లు, వంగిన రాడ్లు ఒక్కటి కూడా పారేయలేదు, అరల్లో పేర్చి "వేగదేవుడికి నైవేద్యాలు" అని రాసుకున్నాడు. ఆ బండిని ఎవరైనా 1920లో షోరూంలో ఉన్నట్టు 55 మైళ్ల స్కౌట్‌గా మార్చి పెట్టి ఉంటే నేను ఒక్కసారి కూడా ఆగి చూసేవాడిని కాదు. సీను గారూ, మీ బండి రికార్డు కొట్టిందో లేదో నాకు అనవసరం. ఆ పని చేసిన చేయి దాని మీద ఉంది.

షోరూం_శేఖర్:
కృష్ణ గారూ, మన్రో బండి మన్రో బండే. ప్రపంచ ప్రసిద్ధం. ఇది పేరు తెలియని ఒక మనిషి బండి. రెండింటికీ ఒకటే కొలత పెట్టకూడదు.

బందరు_బుల్లెట్:
శేఖర్ గారూ, ట్రయంఫ్ కథే తీసుకుందాం. మీకు నాకంటే బాగా తెలుసు. 1956లో జానీ అలెన్ బాన్‌విల్‌లో 214 మైళ్లు దాటించింది రేసు కోసం పుట్టిన ఇంజిన్‌ని కాదు, మీ టెక్సాస్‌లోనే జాక్ విల్సన్ మెథనాల్‌కి సిద్ధం చేసిన ఇనప హెడ్ 650 థండర్‌బర్డ్ ఇంజిన్‌ని. ఆ రికార్డుని అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సంఘం ఒప్పుకోలేదు, అమెరికా మోటార్‌సైకిల్ సంఘం ఒప్పుకుంది, ట్రయంఫ్ వాళ్లు ఆ ఊపులోనే 1959 మోడల్‌కి బాన్‌విల్ అని పేరు పెట్టారు. షెడ్లలో పనిచేసినవాళ్లు లేకపోతే ఆ పేరే లేదు. మీ మూడింట్లో ఒకటైనా బాన్‌విల్ ఉండే ఉంటుంది. అది ఇలాంటి బండికి బాకీ పడి ఉంది.

ఆ అలెన్ బండి, టెక్సాస్ సీ-గార్, 2003లో ఇంగ్లండ్ నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం కాలిపోయినప్పుడు మంటల్లో దెబ్బతింది. మళ్లీ బాగుచేశారు, ఉప్పు మీద పరుగెత్తిన రూపంలోనే చేశారు.

కివీ_కృష్ణ:
డబ్బు లెక్కన చూసినా సరే. ఆస్ట్రేలియాలో జాక్ ఎహ్రెట్ 1953లో 141.5 మైళ్ల రికార్డు కొట్టిన విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ 2018లో లాస్ వెగాస్ వేలంలో 9,29,000 డాలర్లకి పోయింది. దాన్ని ఇంజిన్ వరకు నడిచేలా చేశారు, పై రూపం ముట్టుకోలేదు. గీతలు, అరిగిన రంగు, అన్నీ ఉన్నాయి.

షోరూం_శేఖర్:
సరే, ఆ ఉదాహరణ ఒప్పుకుంటాను. కానీ సీను దీన్ని రోడ్డు మీద నడపాలనుకుంటే మాత్రం ఈ రూపంలో కుదరదు. అది తేల్చుకోవాలి.

బందరు_బుల్లెట్:
ఇంజిన్ విప్పేముందు నా అనుభవం ఒకటి. పదిహేనేళ్ల కింద ఒక పాత 350 బుల్లెట్ క్రాంక్‌కేసుని గాజుపూసల బ్లాస్టింగ్‌కి ఇచ్చాను. కొత్త వెండి గిన్నెలా వచ్చింది. మూడుసార్లు కడిగాను, గాలి కొట్టాను. రెండొందల కిలోమీటర్లు తిరగలేదు, బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంకుని పట్టుకునే బేరింగ్) పోయింది. విప్పితే ఆయిల్ దారి మలుపులో పూసలు ఇసకలా ఉన్నాయి. అది కస్టమర్ బండి, వాళ్ల తాతది. డబ్బు నేనే పెట్టుకుని చేసిచ్చాను గానీ ఆ పిల్లాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఇంజిన్ లోపలి భాగాలు దేనికీ ఇసక గానీ పూసలు గానీ తగలనివ్వకండి. కిరోసిన్, వేడినీళ్లు, నైలాన్ బ్రష్షు, ఓపిక.

స్పానర్లు కూడా చూసుకోండి. మిల్లీమీటర్ పానాలు, అమెరికా అంగుళాల పానాలు రెండూ పట్టవు, పట్టినట్టు అనిపించి నట్టు మూలలు కొట్టేస్తాయి. బ్రిటిష్ విట్‌వర్త్ సెట్టు కొనండి. మరలు చాలావరకు అంగుళానికి 26 చుట్లవి, పాత బుల్లెట్‌కి ఉన్నట్టే.

సాల్ట్‌లేక్_సీను:
మూడు వారాలు పట్టింది, వరసగా రాస్తాను.

రాజు గారు చెప్పింది అక్షరాలా నిజం. పిస్టన్ తలలు గోపురాల్లా ఉన్నాయి. మెయిన్ జెట్‌లో బెజ్జం పెద్దది చేశారు, పక్కన పిన్నుతో గీసి ఏదో అంకె రాసుకున్నారు. కార్బురేటర్ బాడీ లోపల తెల్లటి పేస్టు పేరుకుని ఉంది.

కేసు విప్పగానే ఒక వాసన వచ్చింది. నాకు ఎక్కడో తెలిసిన వాసన, పేరు గుర్తురాలేదు. మా ఆవిడ గ్యారేజీలోకి వచ్చి "ఆముదం ఎందుకు కాచారు?" అంది. నిజంగానే ఆముదం! లోపలంతా తేనెరంగు జిగురు, గోడలకి అంటుకుపోయి.

మాధవి గారి నీళ్ల పరీక్ష: మొదటి రోజు రెండు చుక్కలు వేయగానే గ్లాసు మజ్జిగలా అయింది. తొమ్మిదో రోజు పలచగా మబ్బు పట్టినట్టు. పధ్నాలుగో రోజు ఏమీ లేదు, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఆ రోజు పిల్లలని పిలిచి చూపించాను.

చెడ్డ వార్త ఒకటి. హెడ్‌లో వాల్వ్ సీటు నుంచి బోల్టు బెజ్జం దాకా వెంట్రుకంత చీలిక ఉంది.

పాలమూరు_రాజు:
ఆముదం అంటే మా పాలమూరు పంట అన్నా! ఆ రోజుల్లో చాలా రేసు ఆయిళ్లు ఆముదంతో చేసేవాళ్లు. విపరీతమైన వేడిలో కూడా లోహాన్ని వదలదు. అయితే పని అయ్యాక వెంటనే తీయకపోతే ఇలా జిగురైపోతుంది. మామూలు మినరల్ ఆయిల్‌తో కలవదు, కాబట్టి ఏ మూలా మిగలకుండా తీసేశాకే కొత్త ఆయిల్ పోయి. మెథనాల్ మీద మళ్లీ నడపాలనుకుంటే ఒకటే జాగ్రత్త: పగటి వెలుతురులో దాని మంట కంటికి కనపడదు. ఒంటరిగా మాత్రం చేయకు.

లోహం_మాధవి:
హెడ్ చీలిక మీద భయపడకండి, అనుభవం ఉన్న అల్యూమినియం వెల్డర్ సరిచేయగలరు, హెడ్‌ని మొత్తంగా వేడిచేసి చేయాలి. ముందు ఉప్పు పోయింది కాబట్టి వెల్డింగ్ శుభ్రంగా పడుతుంది. అంతకంటే ముఖ్యం కనెక్టింగ్ రాడ్లు. ఈ ఇంజిన్‌లో అవి అల్యూమినియం మిశ్రమమట. చీలికల కోసం అయస్కాంత పరీక్ష క్రాంకుకి పనికొస్తుంది, రాడ్లకి పనికిరాదు, ఎందుకంటే అల్యూమినియంకి అయస్కాంతం అంటదు. రాడ్లకి రంగు చొప్పించే పరీక్ష చేయించండి. ఎర్రటి ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే చీలిక ఉన్నచోట ఎర్రగీత పైకి వస్తుంది.

సాల్ట్‌లేక్_సీను:
రాడ్లలో ఒకదాని మీద చిన్న ఎర్రగీత వచ్చింది. రెండూ మార్చేశాను. పాతవి నూనె రాసి గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెట్టాను. కృష్ణ గారూ, అది మీ మాట విన్నాకే.

అసలు సంగతి ఇది. నిన్న ఆదివారం ఆ పెద్దాయన కూతురు వచ్చింది. ఒక పొగాకు డబ్బా తెచ్చింది. లోపల నాలుగు కాగితం ముక్కలు, బాన్‌విల్ టైమింగ్ చీటీలు. అంచులు పసుపెక్కాయి, మడతలో ఒకటి సగం తెగింది. అన్నిటికంటే ఎక్కువ వేగం 138 మైళ్ల చిల్లర. రాజు గారూ, మీరు 143 అన్నారు!

నల్ల రంగు ఎందుకు వేశారని అడిగాను. పోటీలు మానేశాక బండిని అమ్మేద్దామని నంబరు కనపడకుండా నాన్నే పూశాడట, తర్వాత అమ్మలేకపోయాడట. ఆమె ఏడెనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఉప్పు మీంచి ఇంటికి రాగానే హోసుతో బండి కడగడం తన పనట. రెక్కల మధ్య చెయ్యి పట్టేది తనదే కాబట్టి. నేను నానబెట్టిన హెడ్ రెక్కల మధ్య వేలు పెట్టి చూసి, "ఇక్కడ నాకు ఎప్పుడూ అందేది కాదు" అంది.

నిర్ణయం అయిపోయింది. నల్ల రంగు మాత్రం మెల్లగా తీస్తాను, కింద నంబరు ఎంత మిగిలితే అంత. మిగతాది అలాగే. శేఖర్ గారూ, రోడ్డు మీద నడపను, ఆ కోరిక వదిలేశాను.

షోరూం_శేఖర్:
నా దగ్గర ఉంటే ఇప్పటికీ 46 పళ్లే వేసేవాడిని, అబద్ధం చెప్పను. కానీ ఆ చీటీలు ఉన్న బండిని ముట్టుకోవడానికి నాకూ చేతులు రావు. రంగు తీసేటప్పుడు పెయింట్ రిమూవర్ వాడొద్దు, కింది పొర కూడా వస్తుంది. 2000 నంబరు గరుకు కాగితం, సబ్బునీళ్లు, చేతివేలి వెడల్పున. నా దగ్గర మాగ్నెటో (ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చేది) ఆర్మేచర్ కొత్తగా చుట్టించింది ఒకటి ఖాళీగా ఉంది, మీ కే2ఎఫ్ మాగ్నెటోకి పడుతుంది. అడ్రసు మెసేజ్ పెట్టండి, పంపుతాను.

సాల్ట్‌లేక్_సీను:
ఈ రోజు మధ్యాహ్నం స్టార్ట్ అయింది. పెట్రోలు మీదే, పిస్టన్లు తక్కువ కంప్రెషన్‌వి వేశాను, పాతవి పెట్టెలో ఉన్నాయి. శేఖర్ గారి ఆర్మేచర్‌తో ఐదో కిక్‌కి పట్టుకుంది. ఆయిల్ ట్యాంకు మూత తీసి చూస్తే తిరుగు గొట్టంలోంచి ఆయిల్ వచ్చి పడుతోంది, కాసేపు గాలి, కాసేపు ఆయిల్. ఆమెకి ఫోన్ చేసి, ఫోను సైలెన్సర్ లేని గొట్టం దగ్గర పెట్టాను. అవతల నుంచి చాలాసేపు మాట రాలేదు. తర్వాత "ఎడమ సిలిండర్ కొంచెం ముందు పేలుతోంది, నాన్నకీ అలాగే ఉండేది" అంది.

బందరు_బుల్లెట్:
శభాష్ సీనూ. ఆవిడ చెవి మామూలు చెవి కాదు. మాగ్నెటోలో నిప్పురవ్వ వేళని నిర్ణయించే క్యామ్ రింగు అరిగి ఉంటుంది, రెండు సిలిండర్ల మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు రావచ్చు. డిగ్రీ డిస్కు పెట్టి రెండు వైపులా విడివిడిగా కొలిచి అంకెలు ఇక్కడ పెట్టు. ఆ క్యామ్ రింగుని మార్చాలా, ఉన్నదాన్నే సానపట్టాలా అన్నది చూసి చెప్తాను.